బండి వచ్చేలోపు

స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో చేరి నాకు పద్దెనిమిదేళ్లయింది. మా దళంలో ఎవరికీ ఇది ఉద్యోగం కాదు. ఒకరు బడిలో పాఠాలు చెబుతారు, ఒకరు మోటార్లు బాగుచేస్తారు. పిలుపు రాగానే చేతిలో పని వదిలేసి షెడ్డుకు పరుగెత్తాలి, కోటు తొడుక్కోవాలి, బండి తీయాలి. ఎంత తొందరపడినా కొన్ని నిమిషాలు పోతాయి. ఆ నిమిషాల్లో మంట ఎంత పెరుగుతుందన్నది ఆ ఇంటివాళ్ల మీద, ఇరుగుపొరుగు మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

దళం పెట్టుకోవాలనుకునేవాళ్లు బండి కంటే ముందు నీటి సంగతి చూసుకోండి. 3000 లీటర్ల ట్యాంకు నుంచి నిమిషానికి 500 లీటర్లు కొడితే ఆరు నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత చెరువో బావో దిక్కు. పంపు నీటిని పైకి లాగుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి పంపు గొట్టంలోని గాలిని తీసేస్తుంది, బయటి గాలి ఒత్తిడి నీటిని పైకి నెడుతుంది. ఆ ఒత్తిడికి లెక్క ప్రకారం పదిమీటర్ల హద్దు ఉంది. పనిలో ఏడు మీటర్లు దాటితే నమ్మకం లేదు.

ఒక వేసవి రాత్రి ఇది నాకు అనుభవంలోకి వచ్చింది. బావిలో గొట్టం దించాం. ఇంజను అరుస్తోంది, గొట్టం వణుకుతోంది, చుక్క నీరు రాలేదు. మా పుస్తకంలో రాసుకున్న లోతు వానాకాలంలో కొలిచినది. నీళ్లు అప్పటికే బాగా కిందికి పోయాయి. మరో చోటి నుంచి నీరు తెచ్చేసరికి ఇంటి కప్పు కూలింది. మనుషులు ముందే బయటపడ్డారు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి నడివేసవిలో తప్పకుండా కొలుస్తున్నాం. తాడుకు రాయి కట్టి, మీటరుకొక ముడి వేసి, నీటి మట్టం వరకు వదలండి. బావి గట్టు నుంచి కొలిస్తే సరిపోదు, పంపు ఉండే ఎత్తు నుంచి లెక్కగట్టాలి. గొట్టం చివరి జల్లెడ అడుగున బురదకు తగలకూడదు, నీటి పైకీ తేలకూడదు. తేలితే గాలి పీల్చి పంపు ఆగిపోతుంది.

అదే పుస్తకంలో ఏ సందులో బండి పడుతుందో, ఎక్కడ తీగలు కిందికి వేలాడుతున్నాయో రాసుకోండి. మంచం దిగలేనివాళ్లు, చెవులు వినబడనివాళ్లు, ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ వాడేవాళ్లు ఎక్కడున్నారో కూడా. అయితే అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే రాయండి. ఆ పేజీలు దళం దాటి బయటికి పోకూడదు.

ఇక ఇంట్లో సంగతి. నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది మూకుడులో అంటుకున్న నూనెకు. చూడగానే చెయ్యి నీళ్ల చెంబు మీదికి పోతుంది. ఖాళీ స్థలంలో, పొడుగాటి కర్ర చివర డబ్బా కట్టి, అరగ్లాసు నీళ్లు మండే నూనెలో పోసి మేము జనానికి చూపిస్తాం. నీరు నూనె కంటే బరువు కాబట్టి అడుగుకు దిగి, ఒక్కసారిగా ఆవిరై దాదాపు 1700 రెట్లు ఉబ్బుతుంది. నూనెను తుంపరలుగా పైకి విసురుతుంది. మనిషి ఎత్తును మించి మంట లేస్తుంది. ముందు వరుసలో నిలబడ్డవాళ్లు ప్రతిసారీ వెనక్కి అడుగు వేస్తారు. ఇంట్లో ఇది చేసి చూడవద్దు.

చేయాల్సింది వేరు. మూతను మీ వైపు నుంచి అవతలికి జరుపుతూ మూకుడు మీద పెట్టండి, అందితే పొయ్యి ఆర్పండి. మూకుడును కదపవద్దు. పూర్తిగా చల్లారేదాకా మూత తీయవద్దు. తొందరపడి తీస్తే గాలి తగిలి మళ్లీ అంటుకుంటుంది.

వంటగ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చూ వేయవద్దు, ఆర్పవద్దు. ఆ గ్యాసు గాలి కంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది. వాల్వు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వెళ్లి ఫోను చేయండి. ఫోనులో ముందు చిరునామా చెప్పండి. మాట మధ్యలో తెగిపోయినా మేము బయలుదేరగలుగుతాం.

మంటలను ఆర్పే సిలిండర్ కొన్నవాళ్లు దాన్ని ఎప్పుడైనా చేతిలోకి తీసుకున్నారా? పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కుతూ అటూ ఇటూ ఊపాలి. ఇళ్లలో ఉండే చిన్నవి కొద్ది సెకన్లలోనే అయిపోతాయి. బయటికి పోయే దారి మీ వెనకే ఉండాలి. పొగ పైకప్పు నుంచి కిందికి దిగుతుంటే సిలిండర్ వదిలేసి వెళ్లిపోండి. నేలకు దగ్గరగా పాకండి. మూసిన తలుపును అరచేతి వెనకవైపుతో తాకి చూడండి. వేడిగా ఉంటే ఆ దారి వద్దు. వెళ్తూ తలుపులు మూసుకుంటూ పోండి, మంటకు గాలి తగ్గుతుంది. బయటికి వచ్చాక దేనికోసమూ లోపలికి తిరిగి పోవద్దు. లోపల ఎవరైనా ఉంటే ఏ గదిలో ఉన్నారో మాకు చెప్పండి. మేము దిగగానే అడిగేది అదే.

కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లటి నీటి ధార పడాలి. మంచుగడ్డ వద్దు, పేస్టు వద్దు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయండి.

1736లో, తర్వాత అమెరికా నేతగా పేరుపొందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ మిత్రులతో కలిసి అక్కడి ఫిలడెల్ఫియా నగరంలో దళం పెట్టినప్పుడు ప్రతి సభ్యుడూ తోలు బకెట్లు, సామాను మోసే సంచులు సిద్ధంగా ఉంచుకోవాలని నియమం పెట్టుకున్నారు. నెలకోసారి కూర్చుని మంటల గురించి మాట్లాడుకునేవారు. మేమూ నెలకోసారి కలుస్తాం. ఇళ్లవాళ్లకు చెప్పేది ఏడాదికి రెండుసార్లు రాత్రిపూట సాధన చేయమని. దీపాలన్నీ ఆర్పి, పిల్లలను వాళ్ల మంచాల మీది నుంచే లేపి, ఇంటి నుంచి బయటపడే రెండు దారుల్లో ఏదో ఒకటి మూసేసి, రెండో దారిలో బయటి చెట్టు కిందికి రమ్మనండి. గడియారం చూడండి. మొదటిసారి తాళంచెవి దొరకదు. దాన్ని తలుపు పక్కన, పిల్లలకు అందే ఎత్తులో, మేకుకు తగిలించి మళ్లీ మొదలుపెట్టండి.