సైటోస్కేప్‌లో జీన్ ఆంటాలజీ పటం సరిగా రానప్పుడు

సైటోస్కేప్ అంటే జన్యువులు, ప్రోటీన్ల మధ్య సంబంధాలను పటంగా (నెట్‌వర్క్‌గా) గీసే సాఫ్ట్‌వేర్. అందులో ఒక్కో జన్యువు లేదా ప్రోటీన్ ఒక నోడ్, వాటి మధ్య సంబంధం ఒక గీత; నోడ్ల రంగులను మనం దిగుమతి చేసే పట్టికలోని విలువలను బట్టి అమర్చుకుంటాం. జీన్ ఆంటాలజీ అంటే జన్యువుల పనులను వర్ణించే ప్రామాణిక పదాల జాబితా.

సమస్య: పట్టిక దిగుమతి అయినా నోడ్లన్నీ ఒకే రంగులో ఉన్నాయి

ఏ హెచ్చరికా రాలేదు, కానీ నోడ్ టేబుల్‌లో కొత్త గడులన్నీ ఖాళీగా ఉన్నాయంటే తప్పు రంగుల అమరికలో లేదు, పేర్లలో ఉంది. ఒక్కో డేటాబేస్ ఒక్కో రకం పేరు వాడుతుంది: టీపీ53 జన్యువు ఎన్‌సీబీఐలో 7157, ఎన్‌సెంబుల్‌లో ఈఎన్‌ఎస్‌జీ00000141510. దాని ప్రోటీన్ యూనిప్రాట్‌లో పీ04637. నెట్‌వర్క్‌లో ఒక రకం పేరు, పట్టికలో మరో రకం పేరు ఉంటే సాఫ్ట్‌వేర్ వాటిని జతపరచలేదు. యూనిప్రాట్‌లోని ఐడీ మ్యాపింగ్‌తో రెండింటినీ ఒకే రకానికి తెచ్చి, దిగుమతి చేసేటప్పుడు ఆ కాలమ్‌నే కీగా ఎంచుకోవాలి.

అప్పటికీ గడులు నిండకపోతే, 7157 వంటి ఐడీని సైటోస్కేప్ అంకెగా చదివిందేమో చూడండి. నెట్‌వర్క్‌లోని పేరు అక్షరరూపంలో ఉంటుంది కాబట్టి, దిగుమతి విండోలో కాలమ్ శీర్షికపై నొక్కి రకాన్ని స్ట్రింగ్‌గా (అంటే అక్షరరూపంగా) మార్చాలి. పట్టిక ఎక్సెల్ నుంచి వచ్చినదైతే ఇంకో చిక్కు ఉంది: సెప్ట్2 అనే జన్యువు అందులో సెప్టెంబరు 2వ తేదీగా మారిపోతుంది. ఈ బెడద వల్లే 2020 నాటికి మానవ జన్యువుల నామకరణ కమిటీ ఆ కుటుంబానికి సెప్టిన్ అని పేరు మార్చింది గానీ, పాత పట్టికల్లో ఆ తేదీలు ఇప్పటికీ ఎదురవుతాయి. వాటిని చేత్తో సరిదిద్దక తప్పదు.

సమస్య: ఫలితాలు మరీ బాగున్నాయి

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ ఖాళీ గడి ఒక్కటీ కనబడదు. మెదడు కణజాలంలో ప్రోటీన్లను కొలిచి, మార్పు కనిపించిన వాటి జాబితాను బింగోకు (జాబితాలో ఏ ఆంటాలజీ పదాలు మామూలుకంటే ఎక్కువగా ఉన్నాయో లెక్కగట్టే సైటోస్కేప్ యాప్‌కు) ఇచ్చి, పోలికకు జీనోమ్ మొత్తాన్నీ వదిలేస్తే, ఆ కణజాలంలో కనబడే అవకాశమే లేని జన్యువులు కూడా లెక్కలోకి వచ్చి, నాడీకణాలకు చెందిన పదాలన్నీ అతి చిన్న పీ-విలువలతో (అంటే యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం చాలా తక్కువన్నట్టుగా) పైకి తేలతాయి. మనం తీసుకున్నది మెదడు అన్న సంగతి తప్ప అవి చెప్పేదేమీ ఉండదు. రిఫరెన్స్ సెట్‌గా (పోలికకు వాడే జాబితాగా) ఆ ప్రయోగంలో కొలవగలిగిన ప్రోటీన్లన్నిటి జాబితాను ఇచ్చి, బెంజమినీ-హాక్‌బర్గ్ సవరణతో (ఎన్నో పరీక్షలు ఒకేసారి చేసినప్పుడు వచ్చే తప్పుడు ఫలితాలను అదుపుచేసే పద్ధతితో) మళ్లీ నడపాలి. అప్పుడు పదాలు తగ్గిపోతే నిరాశపడకండి, మిగిలినవే మీ ప్రయోగం చూపించినవి.

ఆంటాలజీ ఫైలు పాతదైతే గో-బేసిక్ అనే ఆంటాలజీ ఫైలు కొత్తదాన్ని, దానితోపాటే ఏ జన్యువుకు ఏ పదం వర్తిస్తుందో చెప్పే కొత్త అనొటేషన్ ఫైలునూ దించుకోండి.

సమస్య: పటం చిక్కుపడిన నూలు ఉండలా ఉంది

లేఅవుట్లు మార్చి చూడటం వల్ల ప్రయోజనం ఉండదు, ఎందుకంటే గీతలే ఎక్కువగా ఉన్నాయి. స్ట్రింగ్ అనే ప్రోటీన్ సంబంధాల డేటాబేస్ నుంచి తెచ్చిన నెట్‌వర్క్‌లో గీతల స్కోరుకు మామూలుగా ఉండే కనీస హద్దు 0.4, దాన్ని 0.7కు పెంచితే చాలా గీతలు రాలిపోతాయి. ఆ అంకె రెండు ప్రోటీన్ల మధ్య బంధం ఎంత గట్టిదో చెప్పదు, ఆ సంబంధం ఉందనడానికి ఆధారం ఎంత నమ్మదగినదో చెబుతుంది; కాబట్టి మీరు ఏ హద్దు పెట్టారో పటం కింద తప్పకుండా రాయండి.