పోకర్ స్టేకింగ్ – 3వ పాఠం: మార్కప్ దగ్గర బేరం

స్టేకింగ్ అంటే టోర్నీ ఖర్చులో కొంత వేరేవాళ్లు పెట్టి, గెలుపులో అంత వాటా తీసుకోవడం. ఆటగాడు తన వాటాలు ఎలా అమ్ముతాడో పోయిన పాఠంలో చూశాం. అసలు బేరం సాగేది మార్కప్ దగ్గర, అంటే వాటా అసలు ధరకు ఎన్ని రెట్లు అడగాలన్న దగ్గర. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషిద్ధం కాబట్టి, ఉదాహరణ లాస్ వేగాస్‌ది తీసుకుందాం.

వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ బై-ఇన్ (ప్రవేశ రుసుము) 10,000 డాలర్లు. మన ఆటగాడు సగం వాటా అమ్ముతానంటున్నాడు, మార్కప్ 1.2 అడుగుతున్నాడు. సగానికి అసలు ధర 5,000. వాటా కొనే బ్యాకర్ ఇవ్వాల్సింది 6,000. అంటే ఆటగాడి జేబులోంచి పోయేది 4,000 మాత్రమే, కానీ గెలిస్తే సగం అతనిదే.

ఆ అదనపు వెయ్యి ఆటగాడి నైపుణ్యానికి కట్టే ధర. ఇలాంటి టోర్నీల్లో పెట్టిన ప్రతి 100కీ సగటున 120 వెనక్కి తెచ్చేవాడే అనుకుందాం. అప్పుడు 1.2 దగ్గర బ్యాకర్‌కి మిగిలేది సున్నా. రాబోయే లాభమంతా ఆటగాడు ముందే తీసేసుకున్నాడు. నన్నడిగితే అలాంటివాడికి 1.1 న్యాయమైన ధర, లాభం ఇద్దరికీ పంచినట్టవుతుంది. ఆటగాళ్లూ గుర్తుంచుకోండి: విమానం, హోటల్ ఖర్చు మీదే అయితే 1.0కి ఒప్పుకోనక్కర్లేదు, ఆ మాట మొహమాటం లేకుండా చెప్పండి.

అసలు సగటు 120 అని ఎలా తెలుస్తుంది? పది ఇరవై టోర్నీలు చూసి ఏమీ తేల్చలేం. ఒక్క పెద్ద గెలుపు ఏడాది లెక్కనంతా మార్చేస్తుంది. అందుకే బ్యాకర్ ఇలా అడగాలి: "తమ్ముడూ, ఆడినవన్నీ, ఓడినవి కూడా కలిపి ఒకసారి పంపు. చూశాక మార్కప్ మాట్లాడుకుందాం." ఇలా అడగడంలో తప్పేం లేదు. పంపడానికి వెనకాడేవాడితో బేరం అక్కడే ఆపేయండి.

చాలామంది మర్చిపోయేది పన్ను. అమెరికా నివాసి కాని భారతీయుడు గెలిస్తే అక్కడ 30 శాతం ముందే పట్టుకుంటారు. 15,000 డాలర్ల బహుమతి వచ్చింది, పూర్తి మొత్తం మీద పట్టుకున్నారనుకోండి. మిగిలేది 10,500. బ్యాకర్ వాటా 5,250. పెట్టింది 6,000! బహుమతి వచ్చినా 750 నష్టం. వాటా పన్నుకు ముందా, తర్వాతా అన్నది బేరంలో తేలాల్సిందే.

నోటి మాట చాలదు. 2006లో మెయిన్ ఈవెంట్ గెలిచిన జేమీ గోల్డ్‌కి 1.2 కోట్ల డాలర్లు వచ్చాయి. సగం ఇస్తానని మాటిచ్చాడంటూ ఒక పరిచయస్థుడు కోర్టుకెక్కాడు. 2007లో రాజీ కుదిరింది. ఇంత డబ్బు మీద గొడవ పడ్డవాళ్ల దగ్గర ఒప్పంద పత్రం లేదు.

కార్డులు పంచకముందే ఆటగాడు బ్యాకర్‌కి ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టాలి:

"మెయిన్ ఈవెంట్, బై-ఇన్ 10,000. నీ వాటా 50 శాతం, మార్కప్ 1.1, నువ్వు ఇచ్చేది 5,500. పన్ను పోగా మిగిలినదాంట్లో వాటా. నేను ఆడకపోతే మొత్తం వాపసు. గెలిస్తే ఏడు రోజుల్లో చెల్లిస్తాను. సరేనా?"

బ్యాకర్ "సరే" అని జవాబిచ్చాకే డబ్బు చేతులు మారాలి. "ఆడకపోతే" అన్న ముక్క మాత్రం వదలకండి. జబ్బు చేసినా వీసా రాకపోయినా దానితోనే పని.

అభ్యాసం: బై-ఇన్ 5,000, వాటా 40 శాతం, మార్కప్ 1.15. బహుమతి 12,000, అందులో 30 శాతం పన్ను పోయింది. బ్యాకర్ ఎంత పెట్టాడు, ఎంత వెనక్కి వచ్చింది? కాగితం మీద వేసి చూడండి. జవాబు వచ్చే పాఠంలో, మేకప్ (పాత నష్టాలు పూడ్చాకే లాభం పంచుకోవడం) లెక్కలతో పాటు.