పేరు పెట్టి ఎగతాళి చేస్తుంటే ఏం చేయాలి

"ఒరేయ్ బండోడా" అని నలుగురి ముందు ఎవరైనా పిలిస్తే చెవులు వేడెక్కుతాయి, గొంతు పట్టేస్తుంది, సరైన జవాబు మాత్రం రాత్రి పడుకున్నాక గుర్తొస్తుంది. అది మీ చేతకానితనం కాదు, కంగారు పడినప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ అనే హార్మోన్ పని. అందుకే వెంటనే నోరు తెరవకండి. పీల్చినదానికంటే ఎక్కువసేపు ఊపిరి నెమ్మదిగా బయటికి వదలండి, నాలుగైదు సార్లు చేస్తే దడ కాస్త తగ్గుతుంది.

తర్వాత మామూలు గొంతుతో "ఏమన్నావ్? మళ్ళీ చెప్పు" అని అడగండి. నలుగురినీ నవ్వించడానికి అన్న మాటను రెండోసారి చెప్పమంటే చాలామంది నీళ్ళు నములుతారు. లేదంటే "నాకో పేరుంది, దాంతో పిలువు" అని ఒక్క ముక్క చెప్పి మీ పని చూసుకోండి. ఎదురు తిట్టడం నాకైతే ఎప్పుడూ కలిసిరాలేదు, చూసేవాళ్ళకి ఇద్దరూ ఒకటే అనిపిస్తారు. నవ్వేసి ఊరుకోవడం కూడా ఒకటి రెండు సార్లకే, రోజూ నవ్వితే ఆ పేరే ఖాయమైపోతుంది.

ఆగకపోతే తేదీ, అన్న మాట, పక్కన ఎవరున్నారో ఫోన్‌లో రాసుకోండి, మెసేజ్‌లైతే స్క్రీన్‌షాట్ తీయండి. పైవాళ్ళకి చెప్పేటప్పుడు "ఎప్పుడూ ఏడిపిస్తున్నాడు" కన్నా "మంగళవారం మీటింగ్‌లో ఇలా అన్నాడు" అంటేనే పట్టించుకుంటారు. బెదిరించినా, చెయ్యి చేసుకున్నా ఇవేవీ వద్దు, అక్కడి నుంచి వెళ్ళిపోయి వెంటనే ఎవరికైనా చెప్పండి.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్ళతో జరిగింది జరిగినట్టు చెప్పేయండి, వాళ్ళు సలహా ఇవ్వకపోయినా ఫర్వాలేదు.