బిన్ ఫైల్‌ని ఐఎస్ఓ చేస్తే ఎందుకు తెరుచుకోదు?

మొన్న మా బాబాయి కొడుకు మిర్యాలగూడ నుంచి పెన్‌డ్రైవ్ పట్టుకుని నల్లగొండ వచ్చాడు. అక్క పెళ్లి వీసీడీలు (వీడియో సీడీలు) గీతలు పడుతున్నాయని ఎవరితోనో కాపీ చేయించాడట. ఒక్కో డిస్క్‌కి రెండు ఫైళ్లు, ఒకటి డాట్ బిన్ (డిస్క్‌లో ఉన్నదంతా), ఇంకోటి డాట్ క్యూ (అందులో ఏ రకం డేటా ఉందో చెప్పే చీటీ). "అన్నా, జర వీటిని ఐఎస్ఓ చేసియ్యరాదు, పేరు మార్చి చూసిన, తెరుసుకుంటలేదు" అన్నాడు. ఐఎస్ఓ అంటే డిస్క్‌లోని డేటాని ఒకే ఫైల్‌గా పెట్టుకునే నకలు.

పేరు చివర ఐఎస్ఓ అని మార్చాను, ఫైల్ పాడైందంటోంది

పాడవలేదు, మీరు మార్చింది బోర్డు మాత్రమే. సీడీలో ఒక్కో సెక్టార్ (డేటా ముక్క) 2352 బైట్లు ఉంటుంది, బిన్ మొత్తాన్నీ ఉన్నదున్నట్టు దించుకుంటుంది. ఐఎస్ఓ మాత్రం అందులో 2048 బైట్ల డేటానే ఉంచుకుని, సింక్, హెడర్ (సెక్టార్ మొదలు, చిరునామా గుర్తులు), తప్పులు దిద్దే కోడ్ వదిలేస్తుంది. అందుకే 80 నిమిషాల సీడీ నిండుగా ఉంటే బిన్ 84,67,20,000 బైట్లు, అదే ఐఎస్ఓ అయితే 73,72,80,000 బైట్లు. మార్చాక సైజు 13 శాతం దాకా తగ్గిందని టెన్షన్ పడకండి.

ముందు క్యూ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి, అది మామూలు టెక్స్టే. 'మోడ్1/2352' అని ఉంటే డేటా సీడీ. లినక్స్‌లో బీచంక్ అనే టూల్‌కి బిన్, క్యూ, కొత్త పేరు వరుసగా ఇస్తే ఐఎస్ఓ వచ్చేస్తుంది, విండోస్‌లో ఎనీటుఐఎస్ఓ ఉంది. బిన్ దొరకలేదని టూల్ గొడవ చేస్తే, ఎవరో బిన్ పేరు మార్చి ఉంటారు. క్యూలో కొటేషన్ల మధ్య ఉన్న పేరుని కూడా అలాగే మార్చి సేవ్ చేయండి.

ఐఎస్ఓ అయితే వచ్చింది, వీడియో మాత్రం ఆడట్లేదు

మావాడి అసలు సమస్య ఇదే, చాలామంది కన్వర్టర్‌ని తిట్టుకునేది కూడా ఇక్కడే. వీసీడీలో వీడియో ఉన్న సెక్టార్లు వేరే రకం, తప్పులు దిద్దే కోడ్ పెట్టే చోట కూడా వీడియోనే నింపి ఒక్కో దాంట్లో 2324 బైట్లు పెడతారు. దాన్ని ఐఎస్ఓ కోసం 2048కి కత్తిరిస్తే ప్రతి సెక్టార్‌కీ 276 బైట్ల పెళ్లి గల్లంతు! క్యూలో 'మోడ్2/2352' అని కనిపించి, అది పెళ్లి వీడియోనో సినిమానో అయితే ఐఎస్ఓ ఊసే వద్దు. వీసీడీఇమేజర్‌తో వచ్చే వీసీడీఎక్స్‌రిప్‌తో గానీ, విండోస్‌లో ఐసోబస్టర్‌తో గానీ నేరుగా ఎంపీజీ వీడియో బయటికి తీయండి. మావాడి మొదటి డిస్క్ అలాగే తీశాను, వీఎల్‌సీలో బరాత్ మొత్తం ఆగకుండా ఆడింది. క్లారిటీ మాత్రం అడగొద్దు, ఆ వీడియో సైజే 352×288.

క్యూలో 'ఆడియో' అని ఉంటే పాటల సీడీ. అందులో ఫైల్ సిస్టమే (ఫైళ్లను అమర్చే పద్ధతి) ఉండదు కాబట్టి ఐఎస్ఓ అనే మాటే లేదు, వేవ్ ఫైళ్లుగా తీసుకోండి.

ఎన్ఆర్‌జీ, ఎండీఎఫ్, డీఎంజీ

ఇవీ డిస్క్ నకళ్లే. నీరో అనే సీడీ రైటింగ్ సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఎన్ఆర్‌జీల్లో చాలావాటికి ముందు 3,07,200 బైట్లు అదనంగా ఉంటాయి, ఎన్ఆర్‌జీ2ఐఎస్ఓ వాటిని దాటేసి మిగతాది రాస్తుంది. ఎండీఎఫ్‌కి ఎండీఎఫ్2ఐఎస్ఓ. మ్యాక్ డీఎంజీతోనే తిరకాసు: ఐఎస్ఓ చేసినా లోపలి ఫైల్ సిస్టమ్ మ్యాక్‌దే ఉంటుంది, విండోస్ దాన్ని చదవదు. ఫైళ్లే కావాలంటే 7-జిప్‌తో విప్పుకోండి, ఆ పని అయిపోతుంది.

పెన్‌డ్రైవ్‌లో చోటుంది, కాపీ అవ్వట్లేదు

డీవీడీ ఐఎస్ఓ 4 జీబీ దాటింది, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంది, అందులో అంత పెద్ద ఫైల్ పట్టదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి పక్కన పెట్టుకుని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి.

ఏ టూల్‌తో చేసినా మధ్యలో ఆగిపోతోంది

బిన్ సైజుని బైట్లలో చూసి 2352తో భాగించండి. శేషం మిగిలితే కాపీయే సగంలో ఆగి ఉంటుంది, దానికి ఏ కన్వర్టరూ ఏమీ చేయలేదు. మావాడి రెండో డిస్క్ ఇలాగే తేలింది, మళ్లీ డిస్క్ నుంచే తీయాలి. ఆ డిస్క్ దేవరకొండలో పెద్దమ్మ వాళ్లింట్లో ఉందట, ఆదివారం పోయి తెస్తానన్నాడు.