అర్జీలో ‘డిస్ట్రాయ్’ ఎక్కడ రాయాలి, ఎక్కడ రాయకూడదు

బరంపురం వైపు తెలుగువాళ్లలో ఒడియా రాయడం రానివాళ్లు తుఫాను నష్టం అర్జీ ఇంగ్లీషులో రాసుకుంటారు. అందులో తరచూ తప్పు పడే మాట డిస్ట్రాయ్. మళ్లీ బాగుచేసుకునే వీలు లేకుండా నాశనం చేయడం దాని అర్థం.

చిక్కంతా మన క్రియల దగ్గరే ఉంది. తెలుగులో కూలడం వేరు, కూల్చడం వేరు. ‘ఇల్లు కూలిపోయింది’ అంటే సరిపోతుంది. డిస్ట్రాయ్ మాత్రం కూల్చడం జాతిది. ‘అవర్ హౌస్ డిస్ట్రాయ్డ్’ అని ఆపేస్తే ఇల్లే దేన్నో నాశనం చేసిందన్నట్టు ఉంటుంది. ‘అవర్ హౌస్ వాజ్ డిస్ట్రాయ్డ్ బై ది సైక్లోన్’ అని రాయాలి. ఒకటికి వాజ్, ఎక్కువైతే వర్. తుఫానును ముందు పెడితే వాజ్ అక్కర్లేదు: ‘ది సైక్లోన్ డిస్ట్రాయ్డ్ అవర్ హౌస్’. కూలిందన్న అర్థమే కావాలంటే కొలాప్స్ ఉంది: ‘ది వాల్ కొలాప్స్డ్’.

రెండో తప్పు, డ్యామేజ్ అనాల్సిన చోట కూడా డిస్ట్రాయ్ అనడం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానం తోటలను ఎలా పడగొట్టిందో ఇక్కడ అందరికీ తెలుసు. అలాంటి గాలి తర్వాత తోటలో ఒక్కో చెట్టూ చూడాలి. కొబ్బరికి మొవ్వు ఒక్కటే. అది విరిగితే పక్క నుంచి కొత్త చిగురు రాదు, చెట్టు పోయినట్టే. అది డిస్ట్రాయ్డ్. మట్టలు చిరిగి మొవ్వు నిలిచి ఉంటే డ్యామేజ్డ్. జీడిమామిడి కొమ్మలు విరిగినా మళ్లీ చిగురిస్తుంది, అదీ డ్యామేజే. వేళ్లతో సహా పడిపోతే అప్‌రూటెడ్ అని విడిగా రాయండి.

మనుషులు కావాలని భవనం పడగొడితే డెమాలిష్. తడిసి మొలకెత్తిన ధాన్యానికి స్పాయిల్డ్ నప్పుతుంది.

స్పెల్లింగులో ‘ఓ’ అక్షరం పక్కన ‘వై’ ఉంది కాబట్టి ‘ఈడీ’ చేర్చినా ‘వై’ మారదు, దాన్ని ‘ఐ’ చేయకండి. నామవాచకం డిస్ట్రక్షన్. ‘ఫుల్లీ డిస్ట్రాయ్డ్’ అననక్కర్లేదు, ఆ ‘పూర్తిగా’ మాటలోనే ఉంది.

అన్నిటినీ ఒకే వాక్యంలో కలిపేయకుండా లెక్క విడగొట్టండి. అరవై చెట్లుంటే ఇలా: ‘ట్వెంటీటూ కోకనట్ ట్రీస్ వర్ డిస్ట్రాయ్డ్ అండ్ థర్టీఎయిట్ వర్ డ్యామేజ్డ్.’ చూడటానికి వచ్చినవాళ్లు తోటలో లెక్కపెట్టినా ఆ అంకెలే తేలాలి.