అటెస్టేషన్ ఫారం నింపేవాళ్లకు: 12వ కాలమ్ దగ్గర కాస్త ఆగండి

రాత పరీక్ష అయింది, ఫిజికల్ అయింది, మెడికల్ అయింది, ఇంట్లో స్వీట్లు కూడా పంచేశారు. అప్పుడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం ఆఫర్ లెటర్ వెనకాలే, మీ గతం, మీ మీద కేసుల సంగతి అడిగే కొన్ని పేజీల అటెస్టేషన్ ఫారం వస్తుంది. చాలామంది దాన్ని నెట్ సెంటర్ కుర్రాడి చేతిలో పెట్టి, ఆఖరి పేజీలో అన్నింటికీ "నో" రాయించేసి పోస్టులో వేసేస్తారు. నేను ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఈ ఫారాలు, వాటి మీద తిరిగొచ్చే పోలీసు రిపోర్టులు చూసే సీట్లో చాలా ఏళ్లు కూర్చున్నాను. కేసు ఉన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ల కంటే, ఉన్న కేసు రాయనందుకు పోగొట్టుకున్నవాళ్లనే ఎక్కువ చూశాను.

ముందు ఈ ఫారం మీద జరిగే ఎంక్వైరీ ఏంటో చెప్తాను. ఆఫీసు భాషలో దీని పేరు క్యారెక్టర్ అండ్ యాంటిసిడెంట్స్ వెరిఫికేషన్, అంటే మీ నడవడి, గతం ఆరా తీయడం. పాస్‌పోర్టు కోసం ఇంటికొచ్చే ఎంక్వైరీ వేరు, ఇది వేరు. దీనికి మీరు పోలీస్ స్టేషన్‌కి వెళ్లి అప్లై చేసేదేమీ లేదు, కట్టాల్సిన ఫీజూ లేదు. మీరు సొంతంగా తెచ్చుకున్న పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ జత చేస్తే వద్దనరు గానీ, దీనికి బదులుగా మాత్రం తీసుకోరు. ఫారం మీరు ఆఫీసుకిస్తారు, ఆఫీసు దాన్ని మీరు నివసించిన జిల్లా అధికారులకు, నగరమైతే కమిషనర్‌కు పంపుతుంది, అక్కడ స్పెషల్ బ్రాంచ్ (పోలీసుల నిఘా విభాగం) వాళ్లు స్టేషన్ రికార్డులు చూసి, ఊళ్లో నలుగురిని అడిగి రిపోర్టు రాస్తారు. ఇదంతా అయ్యేదాకా ఆగకుండా ఫారం, సెల్ఫ్ డిక్లరేషన్ తీసుకుని ప్రొవిజనల్‌గా, అంటే తాత్కాలికంగా, చేర్చుకోవచ్చని 2016లో కేంద్రం చెప్పింది. కాబట్టి జాయిన్ అయ్యి జీతం తీసుకుంటున్నంత మాత్రాన వెరిఫికేషన్ అయిపోయినట్టు కాదు, రిపోర్టు తేడాగా వస్తే ఆ ఆర్డరే రద్దవుతుంది.

సాధారణంగా మూడు సెట్లు అడుగుతారు. మూడూ చేత్తోనే, ఒకేలా నింపండి. ఒక సెట్‌లో "వెంకట సాయి", ఇంకోదాంట్లో "వి. సాయి" అని ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే విడమరిచి రాయండి. ఊళ్లో మిమ్మల్ని పిలిచే పేరు వేరైతే, అదీ రాయండి. స్టేషన్ రికార్డులో ఎక్కేది ఒక్కోసారి ఆ పేరే.

అడ్రసుల కాలమ్‌లో గత 5 ఏళ్లలో ఏడాదికి పైగా ఉన్న ప్రతి చోటూ అడుగుతారు. కోచింగ్ కోసం అశోక్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో ఏడాదిన్నర హాస్టల్లో ఉన్నవాళ్లు దాన్ని చిరునామాగా లెక్కేసుకోరు, సొంతూరు ఒక్కటే రాస్తారు. అదీ రాయాలి, హాస్టల్ పేరు, వీధి, ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో సహా. చదువు వివరాలు 15వ ఏటి నుంచి అడుగుతారు, మధ్యలో ఖాళీ ఏడాది ఉంటే "ఇంటి దగ్గర చదువుకున్నాను" అని రాస్తే చాలు, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఇంతకుముందు ప్రభుత్వ ఉద్యోగం చేసి వదిలేసి ఉంటే అది తప్పక రాయండి, కాంట్రాక్టుదైనా సరే. మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు ఇవ్వాల్సిన చోట బంధువులను కాకుండా ఊళ్లో ఉండేవాళ్లను పెట్టండి, పెట్టేముందు వాళ్లకో మాట చెప్పండి. ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబుల్‌తో "ఆ అబ్బాయెవరో నాకు తెలీదండీ" అని మీరు రాసిన పెద్దమనిషే అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆఖర్లో ఐడెంటిటీ సర్టిఫికెట్ ఉంటుంది, గెజిటెడ్ అధికారి, తహసీల్దారు, ఎమ్మెల్యే ఇలా ఎవరు సంతకం పెట్టొచ్చో ఫారంలోనే ఉంటుంది, చూసుకోండి.

ఇక 12వ కాలమ్. కొన్ని ఫారాల్లో నంబరు మారొచ్చు గానీ ప్రశ్నలు ఇంచుమించు ఇవే: ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూట్ చేశారా (అంటే కోర్టులో కేసు నడిపారా), నిర్బంధంలో ఉంచారా, బౌండ్ డౌన్ చేశారా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా, పరీక్షల నుంచి డిబార్ చేశారా, ఇప్పుడు ఏదైనా కేసు నడుస్తోందా. "ఎప్పుడైనా" అన్న మాట గమనించండి. కేసు కొట్టేశారు, రాజీ అయింది, ఎనిమిదేళ్లయింది అన్నవన్నీ తర్వాతి సంగతి, ముందు జవాబు "అవును" అనే రాయాలి.

మనవాళ్లు బోల్తా పడేది ఎక్కువగా ఈ ఇంగ్లీషు మాటల దగ్గరే. బౌండ్ డౌన్ అంటే మన ఊళ్లలో అనే బైండోవర్. ఎన్నికల ముందు పోలీసులు కొందరిని ఎమ్మార్వో దగ్గరికి తీసుకెళ్లి, గొడవ చేయబోమని పూచీకత్తు రాయించుకుంటారు చూడండి, అదే. సంతకం పెట్టి టీ తాగి వచ్చేసినవాళ్లు అదొక కేసని కూడా అనుకోరు, కానీ స్టేషన్ రికార్డులో అది ఉంటుంది. స్టేషన్ బెయిల్ అంటే అరెస్టు చేసి బెయిల్ మీద వదిలారని, జైలు ముఖం చూడలేదు కాబట్టి అరెస్టు కాదనుకోవద్దు. నోటీసు మాత్రమే ఇచ్చి పంపితే అది అరెస్టు కాదు, కానీ ఛార్జిషీటు వేశాక ప్రాసిక్యూషన్ ప్రశ్నకు "అవును" రాయాల్సిందే. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో జడ్జి ముందు నిలబడి కట్టింది కోర్టు జరిమానా. హెల్మెట్ లేదని ఫోన్‌కి వచ్చిన ఈ-చలాన్ ఆన్‌లైన్‌లో కడితే అది ఇందులోకి రాదు. లోక్ అదాలత్‌లో రాజీపడ్డ కేసు చట్టం దృష్టిలో నిర్దోషిగా తేలినట్టే, కానీ కేసు నడిచింది కదా, అది రాయాలి. అదే లోక్ అదాలత్‌లో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టి ఉంటే మాత్రం శిక్ష పడినట్టే లెక్క.

గోదావరి జిల్లా కుర్రాడొకడు గుర్తొస్తున్నాడు. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర పట్టుకున్నారు, గేమింగ్ యాక్ట్ కింద కోర్టులో కొద్దిపాటి ఫైన్ కట్టి పండగ అయ్యాక మర్చిపోయాడు. ఫారంలో అన్నీ "నో". ఏడు నెలలకు రిపోర్టు వచ్చింది, ఉద్యోగం ఎందుకు తీసేయకూడదో చెప్పమని షోకాజ్ నోటీసు ఇచ్చారు, వాళ్ల నాన్నగారు ఆఫీసుకొచ్చి "పందెం కాసినందుకు ఉద్యోగం తీసేస్తారా సార్" అని అడిగారు. పందేనికి కాదండీ, "నో" రాసినందుకు అని ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. అదే బ్యాచ్‌లో పొలం గట్టు తగాదాలో ఇంటిల్లిపాది మీదా పెట్టిన కేసులో ఏ5గా, అంటే ఐదో నిందితుడిగా ఉండి, కొట్టేసిన తీర్పు కాపీ జత చేసి "అవును" రాసిన అబ్బాయికి ఫైలు నాలుగు నెలలు నలిగిందంతే, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు.

ఈ విషయంలో అందరూ చూసే తీర్పు అవతార్ సింగ్ కేసు, సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచి 2016 జూలై 21న ఇచ్చింది. చిన్న వయసులో నినాదాలు చేసిన కేసు లాంటి అల్పమైనది దాచినా, యజమాని తన విచక్షణతో వదిలేయొచ్చని అందులో ఉంది. ఫారంలో స్పష్టంగా అడిగినదానికే మీరు జవాబుదారీ అని కూడా ఉంది. అలాగని "అవును" రాసి నిజం చెప్పేశాం కదా, ఇక ఉద్యోగం ఇచ్చి తీరాలనీ కాదు, నిజం చెప్పినా పూర్వాపరాలు చూసే హక్కు వాళ్లకు ఉంటుంది. ముఖ్యంగా యూనిఫాం ఉద్యోగాల్లో, ఆడవాళ్ల మీద నేరాలు, దొంగతనం, మోసం లాంటి కేసుల్లో, సాక్షులు అడ్డం తిరిగి కొట్టేసిన కేసైతే కూడా గట్టిగానే చూస్తారు. అబద్ధం ఆశలు పెట్టడం నాకిష్టం లేదు. మైనర్‌గా ఉన్నప్పటి కేసుకు మాత్రం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ రక్షణ ఉంది, 16 దాటాక పెద్దవాళ్లతో సమానంగా విచారించి దోషిగా తేల్చిన కేసులు మినహా. అలాంటిదేమైనా ఉంటే లాయర్‌ని అడిగి నింపండి.

అసలు మీ మీద కేసుందో లేదో మీకే తెలియకపోవచ్చు. అన్న పెళ్లి చెడిపోయి వదిన అత్తింటి వేధింపుల కేసు (పాత 498ఏ, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్) పెడితే మరిది పేరూ అందులో ఉండొచ్చు. ఫారం నింపేముందు ఈ-కోర్ట్స్ సైటులో మీ జిల్లా కోర్టులు ఎంచుకుని, పేరును రెండు మూడు స్పెల్లింగులతో, ఏడాది మార్చి మార్చి వెతకండి. రాష్ట్ర పోలీసు సైటులో ఎఫ్ఐఆర్‌లు కూడా దొరుకుతాయి, కాకపోతే సున్నితమైన కేసులవి అక్కడ పెట్టరు. అనుమానంగా ఉంటే స్టేషన్‌కి వెళ్లి అడిగేయండి, మొహమాటపడి లాభం లేదు. కేసు దొరికితే విడి కాగితం మీద క్రైమ్ నంబరు, స్టేషన్, సెక్షన్లు, కోర్టు, కేసు నంబరు, ఇప్పుడు ఏ దశలో ఉందో నాలుగు ముక్కల్లో రాసి, తీర్పు వచ్చి ఉంటే కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి సర్టిఫైడ్ కాపీ తెచ్చి జత చేయండి. "రాజకీయ కక్షతో పెట్టారు" అని రెండు పేజీలు రాయొద్దు, అది ఎవరూ చదవరు.

ఫారం ఇచ్చేశాక కూడా పని అయిపోలేదు. పై పేజీలో వార్నింగ్ అని మూడు పాయింట్లు ఉంటాయి, అందులో రెండోది ఎవరూ చదవరు: ఫారం ఇచ్చిన తర్వాత అరెస్టయినా, శిక్ష పడినా వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలి, లేకపోతే దాచినట్టే లెక్క. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నింపిన ఫారం మొత్తం జిరాక్స్ తీసి ఇంట్లో ఉంచుకోండి, ఎందుకంటే రేపు ఇంకో డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం వస్తే మళ్లీ ఇదే ఫారం వస్తుంది, అప్పుడు రాసేది ఇప్పుడు రాసినదానితో కలవాలి.