కుక్కతో ఫీల్డ్‌లోకి దిగేటప్పుడు వాకీటాకీ ఎలా రెడీ చేసుకోవాలి

సెర్చ్ డాగ్ పెట్టుకున్నాం, ఏ సెట్ కొనమంటావ్ అని అడిగేవాళ్ళందరూ ఫస్ట్ రేంజ్ గురించే అడుగుతారు, ఎన్ని కిలోమీటర్లొస్తుందన్నా అని. నేను మాత్రం చేతుల సంగతి అడుగుతా. ఒక చేతిలో లీష్ ఉంటది, రెండో చెయ్యి కొమ్మలు తొయ్యడానికో, టార్చ్‌కో, జేబులోంచి బంతి తియ్యడానికో కావాలి, మరి బటన్ నొక్కేదెవరు? అందుకే సెట్ కంటే ముందు మనిషిని చూసుకోండి. హ్యాండ్లర్ వెనకాల నాలుగడుగుల్లో నడిచే తోడు మనిషి ఒకడుండాలి, మ్యాప్ వాడిదే, మాట్లాడేది వాడే. హ్యాండ్లర్ కళ్ళు కుక్క తోక మీద నుంచి పక్కకి పోకూడదు, కుక్క ఒక్క సెకను తల తిప్పి గాలి పీల్చి వదిలేస్తది, సరిగ్గా అప్పుడే మనం సెట్‌లో ఛానెల్ వెతుక్కుంటుంటే అంతే, అయిపోయింది.

సెట్‌ని నడుముకి పెట్టొద్దు. బెల్టుకి తగిలిస్తే యాంటెన్నా మన ఒంటికి ఆనుకుని ఉంటది, ఒళ్ళంతా నీళ్ళే కదా, సిగ్నల్ సగం మనమే తాగేస్తాం. ఛాతీ మీద పట్టీ వేసుకుని, యాంటెన్నా భుజం పైకి వచ్చేలా కట్టుకోండి. స్పీకర్ మైక్ కాలర్ దగ్గర క్లిప్ చేసుకుంటే గడ్డంతో వెతుక్కున్నా దొరుకుతుంది. ఇయర్‌పీస్ ఒక్క చెవికే పెట్టుకోండి, రెండో చెవి కుక్కకి వదిలెయ్యాలి, పొదల్లో అది కనబడదు, మొరుగుడే మనకి దారి.

సెట్ మెనూలో కొన్ని ఆపెయ్యాలి. వీఓఎక్స్ అని ఒకటుంటది, గొంతు వినబడితే దానంతటదే ఆన్ అవుతుంది. చేతులు ఖాళీ లేనివాళ్ళకి వరంలా కనబడుద్ది, నేనూ అలాగే మోసపోయా. ప్రాక్టీస్‌లో దాక్కున్న మనిషిని మా లాబ్రడార్ పట్టేసి మొరగడం మొదలెట్టింది, సెట్ ఆన్ అయిపోయింది, ఛానెల్ మొత్తం భౌ భౌ, అవతల ఐదుగురిలో ఒక్కడికీ మాట్లాడే సందు దొరకలేదు, వాళ్ళు కోపంతో అరుస్తున్నదేమో నాకు వినబడట్లేదు. ఆ రోజే వీఓఎక్స్ ఆఫ్ చేశా, మళ్ళీ ముట్టుకోలేదు. రోజర్ బీప్ (బటన్ వదలగానే వచ్చే కూత), కీప్యాడ్ సౌండు, ఛానెల్ మార్చినప్పుడల్లా నంబర్ చెప్పే ఆ లేడీ వాయిస్ కూడా తీసెయ్యండి. మనకి అది చిన్న చికాకు, కుక్కకి మాత్రం ప్రతి బీప్ ఒక కబురే.

కుక్క కూడా ఆ ఛానెల్ వింటున్నట్టే లెక్క. కంట్రోల్‌లో, అంటే వెతుకులాట నడిపించే టెంట్‌లో ఉన్నవాడు మామూలుగా "గుడ్ గుడ్, క్యారీ ఆన్" అన్నాడనుకోండి, మీరు గుడ్ అంటే బంతి ఇస్తారని దానికి తెలుసు, పని ఆపేసి మీ జేబు వంక చూస్తుంది. కాబట్టి కుక్కకి వాడే మాటలు, వెతుకు, గుడ్, వదులు, దాని పేరు, ఇవేవీ ఛానెల్లో పలకకూడదని ముందే అందరికీ చెప్పండి. కుక్కని పేరుతో కాకుండా డాగ్ వన్, డాగ్ టూ అనాలి. సెట్ శబ్దం అలవాటు చెయ్యడానికి పెద్ద ట్రైనింగేం అక్కర్లేదు, అన్నం పెట్టేటప్పుడు కొంచెం దూరంలో తక్కువ వాల్యూమ్‌లో ఆ గరగర పెట్టి వదిలెయ్యండి, రోజుకి కాస్త కాస్త దగ్గరికి తెస్తూ వాల్యూమ్ పెంచితే వారం పది రోజుల్లో ఫ్యాను శబ్దంలాగ తీసుకుంటుంది.

మాట్లాడే పద్ధతిలో మన తెలుగుకే ఉన్న చిక్కు ఒకటుంది. బటన్ నొక్కి ఒక సెకను ఆగి మాట్లాడాలని అందరూ చెప్తారు, లేకపోతే మొదటి మాట తెగిపోద్ది. కానీ మనకి అసలు విషయం వాక్యం చివర్లో ఉంటది కదా, "ఇటు పక్కకి రావొద్దు" అని తొందరలో బటన్ వదిలేస్తే అవతలికి "ఇటు పక్కకి రావొ..." అని వెళ్తది, ఆ చివరి ముక్క వాడు తన ఇష్టమొచ్చినట్టు పూరించుకుంటాడు. అందుకే లేదు, వద్దు అనే కబురైతే ముందే నెగెటివ్ అనేసి తర్వాత చెప్పండి, మాట పూర్తయ్యాక కూడా ఒక క్షణం ఆగి బటన్ వదలండి. ఇంకొకటి, మనిషి దొరికితే "దొరికింది, బాడీ" అని ఓపెన్‌గా అనొద్దు. కంట్రోల్ టెంట్ పక్కనే ఇంటివాళ్ళు నిలబడి ఉంటారు, అక్కడి సెట్ ఫుల్ వాల్యూమ్‌లో ఉంటది, వాళ్ళమ్మ ఆ మాట అలా వినాల్సిన పని లేదు. ప్రాణంతో ఉంటే ఒక మాట, లేకపోతే ఒక మాట, పొద్దున బ్రీఫింగ్‌లోనే అనుకోండి.

ఇక రేంజ్. డబ్బా మీద రాసింది నమ్మొద్దు. లెక్క సింపుల్, యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 4.12తో గుణిస్తే కిలోమీటర్లొస్తాయి. ఛాతీ దగ్గర 1.5 మీటర్ల ఎత్తులో పెడితే 5 కిలోమీటర్లు, అది కూడా చెట్టూ గుట్టా ఏం లేకపోతే. అదే 100 మీటర్ల గుట్ట మీద మనిషిని కూర్చోబెడితే వాడి వైపు 41 కిలోమీటర్లొస్తది. నల్లమల లాంటి చోట లోయలోకి దిగగానే పక్క లోయలోవాడు కూడా మాయం, ఫోన్ సిగ్నల్ సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ ఖరీదైన సెట్ కొనే బదులు గట్టు మీద ఇటు కబురు అటు అందించే రిలే మనిషిని, వాడికి రెండు బ్యాటరీలు, ఒక నీళ్ళ క్యాన్ పెట్టండి. అడవిలో యూహెచ్‌ఎఫ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ సెట్లు) కంటే వీహెచ్‌ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీవి) నయం, ఊళ్ళో బిల్డింగుల మధ్య యూహెచ్‌ఎఫ్ బెటర్.

లైసెన్స్ గురించి చాలామంది లైట్ తీసుకుంటారు, తీసుకోవద్దు. మన దగ్గర లైసెన్స్ లేకుండా చేతి సెట్లు వాడుకోవడానికి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ ఉంది, పవర్ తక్కువ, వాలంటీర్ టీమ్ ప్రాక్టీసుకి సరిపోద్ది, కొనేటప్పుడు ఈటీఏ, అంటే ఆ మోడల్‌కి ప్రభుత్వ ఆమోదం, ఉందో లేదో చూడండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 5 వాట్ల సెట్లు ఆ లెక్కలోకి రావు, ఇలాంటివి ఫ్రీక్వెన్సీ వివరాలు కూడా చెప్పకుండా అమ్ముతున్నారనే 2025లో ఆన్‌లైన్ షాపులకి కేంద్రం ప్రత్యేకంగా గైడ్‌లైన్స్ తెచ్చింది. ఇంట్రెస్ట్ ఉంటే హ్యామ్, అంటే సరదాకి రేడియో నడిపేవాళ్ళ, లైసెన్స్ పరీక్ష రాయండి, హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, రేడియో అంటే ఏంటో అక్కడ అర్థమవుద్ది. శాటిలైట్ ఫోన్ ఎవరో ఫారిన్ నుంచి తెచ్చారని పట్టుకుపోవద్దు, పర్మిషన్ లేకపోతే కేసు.

కుక్క ఎక్కడుందో చూపించే జీపీఎస్ కాలర్‌ది కూడా అంతే. అమెరికాలో కౌంటీ సెర్చ్ టీముల్లో వాలంటీర్‌గా చేసే మనవాళ్ళు వాడేవి అక్కడ లైసెన్స్ అక్కర్లేని మర్స్ అనే బ్యాండ్‌లో, 151 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, అక్కడ ఓకే, ఇక్కడికి సూట్‌కేసులో తెస్తే కుదరదు. ఇక్కడ దొరికే సిమ్ ట్రాకర్లు టవర్ ఉన్నంతవరకే. అడవిలో నాకైతే పాతకాలం మువ్వే ఇష్టం, మోగుతుంటే పరిగెడుతోంది, ఆగిపోతే ఏదో వాసన పట్టింది, దీనికి ఛార్జింగ్ అక్కర్లేదు. కూలిపోయిన బిల్డింగ్ దగ్గర మాత్రం కాలరూ వద్దు, మువ్వా వద్దు, ఒంటి మీద ఏమీ లేకుండా వదలాలి, ఇనుప చువ్వకి పట్టీ తగులుకుంటే ప్రాణానికే ముప్పు.

శిథిలాల దగ్గర ఇంకో పెద్ద విషయం విజిల్. ఇంటర్నేషనల్ రెస్క్యూ టీముల పద్ధతిలో మూడు పొట్టి ఈలలు మళ్ళీ మళ్ళీ ఊదితే అందరూ బయటికి పరిగెత్తమని, ఒక పొడుగు ఈల అంటే పని ఆపి నిశ్శబ్దంగా ఉండమని, ఒక పొడుగు ఒక పొట్టి అంటే మళ్ళీ మొదలెట్టమని. ఇప్పుడు మీ కుక్కని వెనక్కి పిలిచేది మూడు పొట్టి ఈలలతో అయితే ఏమవుతుందో ఊహించుకోండి, కుక్క మీ దగ్గరికొస్తది, జేసీబీ వాడు, కట్టర్ వాడు, అందరూ పరుగే. వెంటనే మార్చుకోండి, మార్చడానికి నెలలు పట్టినా సరే.

సొరంగంలో అయితే సెట్ మీద ఆశ వదిలెయ్యండి. 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) టన్నెల్ దోమలపెంట వైపు కూలి 8 మంది చిక్కుకున్నప్పుడు కేరళ పోలీసుల మాయ, మర్ఫీ అనే కుక్కల్ని తెప్పించారు, కూలిన చోటు లోపలికి దాదాపు 14 కిలోమీటర్లు. అంత రాతి కింద నుంచి చేతి సెట్‌తో బయటికి నేరుగా మాట్లాడటం జరగని పని. గనుల్లో, టన్నెళ్ళలో లీకీ ఫీడర్ అని పొడుగునా కేబుల్ లాగుతారు, అదే యాంటెన్నాలా పనిచేస్తుంది. అది లేనప్పుడు వైరు ఫోను, లేదా మలుపు మలుపుకి ఒక మనిషి, లోపలికెళ్ళేముందు "ఇన్ని గంటలకి బయటికి రాకపోతే మా కోసం రండి" అని టైము రాసిచ్చి వెళ్ళడం.

బాంబు కుక్కలతో చేసేవాళ్ళకి రూల్ పూర్తిగా తిరగబడుద్ది. కుక్క కూర్చుని సైగ చేసిందా, బటన్ మీద చెయ్యి కూడా వెయ్యొద్దు, ఫోనూ అంతే, రేడియో తరంగాలకి కొన్ని డిటోనేటర్లు పేలే ప్రమాదముంది. చేతి సైగతో తోడు మనిషికి చెప్పి, కుక్కని తీసుకుని బాంబు డిస్పోజల్ టీమ్ చెప్పిన దూరం దాకా వచ్చాకే మాట్లాడాలి. వీఐపీ డ్యూటీలో జామర్ వచ్చిందంటే సెట్ మూగబోతుంది, కాబట్టి ఆ చేతి సైగలు రోజూ ప్రాక్టీస్‌లో ఉండాలి, ఉన్నట్టుండి అక్కడ గుర్తుకు రావు.

చివరికి బ్యాటరీ. ప్రతి దాని మీద తెల్ల టేప్ అంటించి కొన్న నెల రాయండి, ఎండాకాలం జీపు డాష్‌బోర్డు మీద వదిలెయ్యకండి. వానలో తిరిగితే ఐపీ67, అంటే నీళ్ళు దూరని సెట్ అయినా ఇంటికొచ్చాక బ్యాటరీ ఊడదీసి పిన్నులు గుడ్డతో తుడవండి, స్పీకర్ మైక్ జాయింట్ దగ్గర కుక్క వెంట్రుకలు, చొంగ ఇరుక్కుని ఉంటాయి, పాత టూత్‌బ్రష్ దానికి బాగా పనికొస్తుంది.